ఔషధ మొక్కల కణాలను ఫ్లాస్కులో పెంచే చదువుకు ఉద్యోగాలు ఉంటాయా?

ప్రశ్న: బయోటెక్నాలజీలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఔషధ మొక్కల కణాలను ద్రవంలో పెంచి మందు పదార్థాలు తీసే సస్పెన్షన్ కల్చర్ అంటే ఇష్టం ఏర్పడింది. పీజీలో అదే చేయాలని ఉంది. మొక్కలను నమ్ముకుంటే ఉద్యోగం రాదని నాన్నగారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ నాన్నగారి భయంలో సగం నిజముంది. ముందు ఆ సగం చెప్పేస్తాను.

ఈ పద్ధతిలో తయారై పరిశ్రమ స్థాయికి చేరిన పదార్థాలు చాలా తక్కువ. జపాన్‌లో మిత్సుయి పెట్రోకెమికల్ సంస్థ 1983లో షికోనిన్ అనే ఎర్రని పదార్థాన్ని కణాల నుంచి తీసి మార్కెట్లోకి తెచ్చింది. ఆ తర్వాత చెప్పుకోవలసింది క్యాన్సర్ మందు పాక్లిటాక్సెల్. మొదట్లో దాన్ని పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి తీసేవారు. బెరడు ఒలిస్తే చెట్టు చచ్చిపోయేది. ఇప్పుడు యూ కుటుంబపు చెట్ల కణాలను 75,000 లీటర్ల వరకు పట్టే ట్యాంకుల్లో పెంచి తయారుచేయగలుగుతున్నారు. జిన్‌సెంగ్ వంటి మరికొన్నింటిని కలిపినా జాబితా చిన్నదే.

మీరు తరగతిలో తప్పకుండా చదివి ఉండే బిళ్ళగన్నేరునే తీసుకోండి. దాని ఆకుల్లో ఉండే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందులు అతి స్వల్పం. అందుకే వాటిని ఫ్లాస్కులో చేయించాలని దశాబ్దాలుగా ప్రయత్నాలు సాగాయి. విన్‌బ్లాస్టిన్ అణువు కాథరాంథిన్, విండోలిన్ అనే రెండు సగాలు కలిసి ఏర్పడుతుంది. విడి కణాలు మొదటి సగాన్ని చేసి పెడతాయి. రెండోదాన్ని ఆకులో వేర్వేరు రకాల కణాలు పని పంచుకుని చేస్తాయి. ఆ పంపకం లేని ఫ్లాస్కులో అది దాదాపు తయారే కాదు. మొక్కకున్న పేరు చూసి ప్రాజెక్టు ఎంచుకునే విద్యార్థులు ఇలాంటి చోటే ఏళ్లు పోగొట్టుకుంటారు. అది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

ఇక మిగతా సగం. మీరు నేర్చుకోబోయేది కణాన్ని సాకడం. ఆ విద్య ఒక్క మొక్కతో ఆగదు. క్రిములు చేరకుండా పని చేయడం, కణాలకు గాలి అందేలా, అవి నలిగిపోకుండా కలపడం, తయారైన పదార్థాన్ని హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) మీద కొలవడం, ఫ్లాస్కులో కుదిరినదాన్ని ట్యాంకులో కుదిర్చడం... టీకాలు, ఎంజైములు, జీవ ఔషధాలు తయారుచేసే ప్రతి చోటా ఈ చేతులే కావాలి. గౌచర్ అనే అరుదైన జన్యు వ్యాధికి వాడే ఒక ఎంజైమును క్యారెట్ కణాల్లో తయారుచేస్తారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానికి 2012లో అనుమతి ఇచ్చింది. నాన్నగారికి ఈ సంగతి చెప్పండి.

కాబట్టి పీజీలో మొక్కల కణజాల వర్ధనం ఒక్కటే కాకుండా బయోప్రాసెస్ (కణాలతో పెద్ద ఎత్తున తయారీ చేసే విద్య), విశ్లేషణ రసాయనం కూడా ఉన్న కోర్సు చూసుకోండి. ఈ అదనపు రెండింటిలో ఒకటే దొరికితే నేను బయోప్రాసెస్‌కే ఓటు వేస్తాను. ఉత్పత్తి, నాణ్యత విభాగాలకు పీజీతో వెళ్లవచ్చు. సొంతంగా పరిశోధన నడపాలంటే మాత్రం పీహెచ్‌డీ తప్పదు.

అంతకంటే ముందు తేల్చుకోవలసింది మీ ఓపిక. బ్యాక్టీరియా అనుకూలమైన చోట ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మొక్క కణానికి ఒకటి రెండు రోజులు, కొన్నిటికి ఇంకా ఎక్కువే పడుతుంది. ఎక్కడో చిన్న పొరపాటు జరిగితే నెలల పని ఒక్క రాత్రిలో పోతుంది. ఫ్లాస్కులను తిప్పే షేకర్ యంత్రం ఆపి ఫ్లాస్కును కాసేపు కదపకుండా ఉంచి చూడండి. లేత మీగడ రంగు కణాలు సన్నని ఇసుకలా అడుగుకు దిగి, పైన ద్రవం తేటగా మిగిలితే నిశ్చింత. పైభాగం కలకబారి ఉంటే బ్యాక్టీరియా చేరిందని అనుమానించాలి. ఆ ఫ్లాస్కును ఆటోక్లేవ్ చేసి (పీడనంలోని ఆవిరితో క్రిములను చంపి) పారేసి, మళ్లీ కాలస్ నుంచి, అంటే మొక్క ముక్క మీద పెరిగే ఆకారం లేని కణాల ముద్ద నుంచి, మొదలుపెట్టాలి. అలా మొదలుపెట్టేటప్పుడు చిరాకు కన్నా, ఎక్కడ తప్పు జరిగిందన్న ఆరాటం ఎక్కువగా ఉంటే ఈ పని మీకు సరిపోతుంది.

దీన్ని పరీక్షించుకోవడానికి పీజీ దాకా ఆగక్కరలేదు. చివరి సంవత్సరం ప్రాజెక్టుకు అరుదైన మొక్క జోలికి పోకుండా క్యారెట్ తీసుకోండి. వేలితో తాకితే పొడిపొడిగా విడిపోయే కాలస్‌ను ఎంచి, 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 50 మిల్లీలీటర్ల పోషక ద్రవంలో వేయండి. 25 డిగ్రీల దగ్గర, నిమిషానికి 110 చుట్లతో తిప్పండి. రెండు రోజులకోసారి కొన్ని కణాలు తీసి ఎండబెట్టి తూచి, మూడు వారాల పెరుగుదలను గ్రాఫుగా గీయండి. పెరుగుదల ఎక్కడ మందగిస్తుందో గుర్తు పెట్టుకోండి. చాలా ఔషధ పదార్థాలు పోగుపడేది అక్కడి నుంచే. షికోనిన్‌కు పెరగడానికి ఒక ద్రవం, తయారీకి ఇంకో ద్రవం వాడింది కూడా ఇందుకే. గ్రాఫు పూర్తయ్యాక, ఎన్ని ఫ్లాస్కులు పోయాయో కూడా రాసి నాకు పంపండి. ఏ కోర్సు, ఏ ల్యాబ్ అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.