మూడు పేజీల ఉత్తరంలో అక్కకు ఒక్క లైను

ఉత్తరం (మూడు పేజీలది, ఇక్కడ కుదించి ఇచ్చాను): మాది తెనాలి. పదకొండేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాం. నేనూ మా ఆవిడా ఇద్దరం హెచ్-1బి ఉద్యోగ వీసా మీదే ఉన్నాం. దేశం దాటితే మళ్లీ అమెరికాలోకి రావడానికి పాస్‌పోర్టులో ఉండాల్సిన వీసా స్టాంపు గడువు అయిపోయి రెండేళ్లు దాటింది. మార్చి మొదట్లో నాన్నగారు బాత్రూంలో జారిపడితే తుంటి ఎముక విరిగింది, గుంటూరులో ఆపరేషన్ చేయించారు. ఇండియా వస్తే కొత్త స్టాంపు వేయించుకునే దగ్గర ఇరుక్కుపోతానని నేను వెళ్లలేదు. నాలుగు లక్షలు పంపాను. నెలాఖర్లో నాలుగు కుటుంబాలం కలిసి కరీబియన్‌లోని సెయింట్ జాన్ ద్వీపానికి ఆరు రోజులు వెళ్లొచ్చాం. ముందే డబ్బు కట్టేసిన ట్రిప్పు అది. ఇంట్లో మాత్రం ఆఫీసు పని మీద చికాగో వెళ్తున్నానని చెప్పాను. మాతో వచ్చిన స్నేహితుడి భార్య ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. వాళ్లమ్మగారిది తెనాలిలో మా పక్క వీధే. నాన్నగారిని పరామర్శించడానికి వచ్చి ఆవిడ ఆ ఫొటో చూపించింది. అప్పట్నుంచి నాన్నగారు ‘ఊఁ, ఆఁ’ తప్ప నాతో మాట్లాడటం లేదు. ఆ కుటుంబంతో స్నేహం తెంచుకోవాలా? మా ఆవిడ ఆ నాలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులోంచి వెంటనే బయటికొచ్చేద్దాం అంటోంది. అక్క కూడా ఫోన్ ఎత్తడం లేదు, అది వేరే విషయం.

జవాబు:

స్నేహం తెంచుకోవాలా అని అడిగారు. అక్కర్లేదు. ఆవిడ చేసిన తప్పేమిటి? సెలవులకి వెళ్లింది, ఫొటో తీసింది, అందరిలాగే పెట్టుకుంది. మీరు చికాగోలో ఉన్నారన్న సంగతి పాపం ఆవిడకి తెలియదు కదా! గ్రూపులో ఉంటారో మానుతారో మీ ఇష్టం. ఖర్చులు పంచుకునే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో మీరు ఇవ్వాల్సిన 612 డాలర్లు మాత్రం ఇచ్చేయండి. జీపు అద్దె ఎవరు కట్టారు, పెద్ద గది ఎవరికొచ్చింది, పగడపు దిబ్బలకి చేటు చేసే సన్‌స్క్రీన్లు అక్కడ నిషేధమని తెలిసి అందరికీ వేరేవి కొంటే ఆ బిల్లు నాలుగు కుటుంబాలకీ సమంగా ఎందుకు పంచారు... ఇదంతా పేజీన్నర రాశారు. ఓపిగ్గా చదివాను. నాకు పనికొచ్చే ముక్క ఒక్కటీ దొరకలేదు.

సముద్రానికి వెళ్లడం తప్పని నేననను. తండ్రి మంచాన ఉంటే కొడుకు నవ్వకూడదు, నీళ్లలో దిగకూడదు అనే రకాన్ని కాదు నేను. ఏడాదంతా మెడ వంచి పనిచేసి, పిల్లలకి సెలవులిచ్చినప్పుడు రైస్ కుక్కరూ ఆవకాయా సూట్‌కేసులో పెట్టుకుని నలుగురితో కలిసి వెళ్లారు. వెళ్లండి. మనవాళ్లు అన్నవరం వెళ్లినా అంతే కదా, నలుగురూ ఉంటేనే సరదా. పైగా డబ్బు వెనక్కి రాదన్నారు. సరే.

నన్ను ఆపేసింది ఇంకొకటి. మీరు మొదట అనుకున్నది అరుబా అట. స్టాంపు లేకుండా అరుబా వెళ్తే మళ్లీ అమెరికాలోకి రావడం కుదరదు కాబట్టి అమెరికాదే అయిన ద్వీపానికి మార్చుకున్నారు. 1917లో డెన్మార్క్ దగ్గర రెండున్నర కోట్ల డాలర్లకి కొనుక్కున్న ద్వీపాలవి. అమెరికా జెండా కిందే ఉన్నా బండ్లు మాత్రం మన గుంటూరులోలా ఎడమ పక్కన నడుస్తాయని సంబరంగా రాశారు. తిరుగు ప్రయాణంలో సెయింట్ థామస్ విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు కాగితాలు చూస్తారని, హెచ్-1బి మంజూరైందని చెప్పే ఐ-797 కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆరు రోజులూ ఆ సంచీని కళ్ల ముందే ఉంచుకున్నారట. అంటే మీరు తెనాలి రాలేకపోవడానికీ, ఆ ద్వీపానికే వెళ్లడానికీ కారణం ఒక్కటే, ఆ స్టాంపు. ఇందులో దాచాల్సిందేముంది? మీ నాన్నగారు తాలూకాఫీసులో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. కాగితం లేకపోతే మనిషి ఎలా ఆగిపోతాడో ఆయనకి మీరు చెప్పాలా? “నాన్నా, దేశం దాటితే మళ్లీ లోపలికి రావడానికి నెలలు పట్టొచ్చు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఈ ద్వీపం వీళ్లదే కాబట్టి దేశం దాటినట్టు కాదు, పిల్లల కోసం వెళ్తున్నాం” అంటే రెండు నిమిషాల పని. పోయిరండి అనేవారు. కాస్త మనసు చివుక్కుమన్నా అనేవారు.

ఇప్పుడాయనకి మిగిలింది ఒక ఫొటో. ట్రంక్ బే దగ్గర నడుము లోతు నీళ్లలో మీరు నిలబడ్డారు, నుదుటి మీదకి నెట్టిన స్నార్కెల్ మాస్కు, పళ్లన్నీ కనపడేలా నవ్వు. పక్క వీధి ఆవిడ ఫోన్ ఆయన మొహం ముందు పెట్టి “మీవాడు ఎంత హాయిగా ఉన్నాడో చూడండి అన్నయ్యగారూ” అందట. ఆవిడ మంచి మనసుతోనే అంది. ఆయన కళ్లజోడు పెట్టుకుని మరీ చూశారని మీ అమ్మగారు మీకు చెప్పారు. వాకరు పట్టుకుని మంచం మీంచి లేవడానికి పది నిమిషాలు పట్టే మనిషి, అబ్బాయి విమానం ఎక్కగలడు, నా దగ్గరికి మాత్రం రాలేడు అనుకోక ఇంకేమనుకుంటారు?

అయినా నాన్నగారి సంగతి నాకంత బెంగ లేదు. తండ్రులు అలుగుతారు, మనవరాలు రెండుసార్లు వీడియోలో కనిపిస్తే కరుగుతారు. ‘అక్క కూడా ఫోన్ ఎత్తడం లేదు, అది వేరే విషయం’ అన్నారే, ఆ లైను దగ్గర నేను చదవడం ఆపి లేచి మంచినీళ్లు తాగొచ్చాను.

అక్క గురించి మీరు విడిగా ఏమీ రాయలేదు. కానీ మీకు తెలియకుండానే మూడు పేజీల్లోనూ అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క పడింది. వాటిని ఏరి ఒకచోట పెట్టుకున్నాను. పొన్నూరు దగ్గర గవర్నమెంటు బళ్లో టీచరు. సీఎల్స్ అన్నీ అయిపోయి జీతం నష్టం మీద సెలవు పెట్టింది. పదకొండు రాత్రులు నాన్నగారి దగ్గరే పడుకుంది. రాత్రి ఆయన ఎవరినీ లేపకుండా బాత్రూంకి వెళ్లబోతారని భయం. అందుకని తన చున్నీ ఒక కొస వాకరుకి కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకుని కింద చాప మీద పడుకుందట. కమోడ్ కుర్చీ కొన్నది తనే, దాన్ని కడిగిందీ తనే. మీరు పంపిన నాలుగు లక్షల్లో దేనికెంత అయిందో నోటు పుస్తకంలో రాసి, మిగిలిన 23,400 అమ్మ ఖాతాలో వేశానని ఆ పేజీ ఫొటో తీసి మీకు పంపింది. దానికి మీరు రాసిన వ్యాఖ్య: ‘అక్కకి డబ్బు విషయంలో పట్టింపు ఎక్కువ.’

పట్టింపు కాదండీ. కూతురు పుట్టింటి డబ్బు ముట్టుకుంటే ఎవరేమంటారో ఆమెకి తెలుసు. అందుకే యజమానికి గుమాస్తా చెప్పినట్టు తమ్ముడికి లెక్క చెప్పింది. ఆ పేజీ చూసిన రోజున మీకు సిగ్గేయాలి. ఇంటిపన్ను గురించి చెబుతూ తెనాలి ఇల్లు ఇప్పటికే మీ పేరున ఉందని కూడా మీరే రాశారు. కూతురికి ఆస్తిలో వాటా అని మన దగ్గర 1986లోనే చట్టం తెచ్చారు. మీ ఇంట్లో ఎవరు ఎక్కడ సంతకం పెట్టారో నేనడగను, అది మరో ఉత్తరం. కానీ ఇల్లు మీ పేరున, చున్నీ కొస ఆవిడ చేతికి! ఈ పంపకం మీకు ఇంతవరకూ వింతగా అనిపించలేదంటే నాకు వింతగా ఉంది.

ఇక ఆ నాలుగు ఫోన్లు. మీరు సెయింట్ జాన్‌లో ఉన్న వారంలో నాన్నగారికి కాలు వాచి జ్వరం వచ్చింది. మళ్లీ అడ్మిట్ చేద్దామన్నారు డాక్టరు. అక్క మీకు నాలుగుసార్లు చేసింది. డబ్బు కోసం కాదు, డబ్బు ఇంకా ఉంది, లెక్క తన దగ్గరే ఉంది. ‘చేర్పించెయ్ అక్కా, నేనున్నాను’ అనే మాట కోసం చేసింది. ‘మీటింగ్‌లో ఉన్నా, తర్వాత చేస్తా’ అని పెట్టారు. తర్వాత చేయలేదు. బావగారు కొట్టు మూసి, కారు తీసి గుంటూరు తీసుకెళ్లారు. ఆ మెసేజ్ కింద టైము ఉంటుంది. స్టేటస్ కింద కూడా ఉంటుంది. నోటు పుస్తకంలో రూపాయి రూపాయి రాసుకునే మనిషి ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చూడలేదంటారా?

నేనూ ఇద్దరు తమ్ముళ్లకి అక్కని. కోపం ఒక పాలు ఎక్కువైతే సర్దుకోండి.

మీ ఆవిడ గురించి ఒక్క మాట. ‘చెప్పొద్దు, చెబితే రాద్ధాంతం అవుతుంది’ అన్నది ఆవిడేనని మెల్లగా ఆమె మీదకి తోశారు. తోయకండి. మీ నాన్నకి అబద్ధం చెప్పిన నోరు మీది. పాప విషయంలో మాత్రం ఇద్దరి మీదా నాకు కోపమే. ఎనిమిదేళ్ల పిల్ల ‘తాతయ్యా, నేను తాబేలు పక్కన ఈదాను’ అని మాహో బే సంగతి చెప్పబోతే ఫోన్ లాక్కుని ‘జూలో చూసిందిలెండి’ అన్నారట. జన్మలో మొదటిసారి నీళ్లలో అంత తాబేలుని చూసిన పిల్ల, ఆ సంతోషాన్ని తాతయ్యకి చెప్పకూడదని నేర్చుకుంది.

ఉద్యోగం పణంగా పెట్టి రేపే విమానం ఎక్కమని నేను చెప్పను. రావాలా, ఎప్పుడు రావాలి అన్నది మీరూ మీ లాయరూ చూసుకోండి. ఇద్దరి జీతాలూ ఒకే రకం వీసా మీద నడిచే ఇంట్లో అది చిన్న విషయం కాదని తెలుసు. కానీ ఫోను చేయడానికి స్టాంపు అక్కర్లేదు.

ముందు అక్కకి చేయండి, నాన్నగారికి కాదు. మెసేజ్ పెట్టొద్దు, ముందుగా బావగారితో రాయబారం నడపొద్దు. మీకు శనివారం రాత్రి తొమ్మిదిన్నర అంటే అక్కడ ఆదివారం పొద్దున ఏడు. బడి ఉండదు, కాఫీ తాగుతూ ఉంటుంది. “అక్కా, ఆ రోజు మీటింగ్ లేదు, సముద్రంలో ఉన్నాను, నువ్వు చేస్తున్నావని తెలిసి కూడా ఎత్తలేదు” అనండి. అంతే. డబ్బు ముందే కట్టేశామనీ, స్టాంపు అనీ, మా ఆవిడ అనీ మొదలుపెట్టారో, ఆవిడ ‘సరేలే’ అని పెట్టేస్తుంది. తిడితే తిట్టనివ్వండి. ఏడిస్తే మధ్యలో ఓదార్చకండి, విన్నంతసేపు వినండి.

తర్వాత పని పంచుకోండి. మళ్లీ డబ్బు పంపి ఊరుకోవద్దు. రాత్రి తోడుకి ఒక మనిషిని పెట్టే ఏర్పాటు మీరే ఫోన్లు చేసి చూడండి. ఆ మనిషి రాకపోతే ఎందుకు రాలేదని అడిగే తలనొప్పి కూడా మీదే. ఫిజియోథెరపీ వాళ్లతో, డాక్టరు అపాయింట్‌మెంట్లతో, మందుల ఆర్డర్లతో మాట్లాడటం ఇవాళ్టి నుంచి మీ పని. మీకు రాత్రి అయితే వాళ్లకి పగలు, ఈ ఒక్క విషయంలో అమెరికాలో ఉండటం కలిసొస్తుంది. అక్క నంబరు తీయించి, ఆస్పత్రి కాగితాల మీద మీ నంబరు రాయించండి. ఇక లెక్క చెప్పొద్దని ఆవిడకి చెప్పండి. ఇల్లు సంగతి కూడా ఏదో ఒక రోజు మీరే ఎత్తాలి, ఆవిడ ఎత్తదు.

నాన్నగారికి ఆ తర్వాత చేయండి. స్టాంపు సంగతీ, ద్వీపం ఎవరిదన్న సంగతీ అప్పుడు చెప్పండి, వింటారు. పాపని పక్కన కూర్చోబెట్టుకుని తాబేలు కథ మొదట్నుంచీ చెప్పనివ్వండి. చికాగో అబద్ధమని తాతయ్యకి పిల్ల ముందే ఒప్పుకోండి.

అక్క మొదటిసారి ఫోన్ ఎత్తకపోవచ్చు. వచ్చే ఆదివారం మళ్లీ చేయండి. ఆ తర్వాతి ఆదివారం కూడా. తను నాలుగుసార్లు చేసింది కదా.