ఆటలో ఉండగానే అప్పు చేసి జిమ్ పెట్టొచ్చా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. వృత్తి క్రీడాకారుడిని. కాంట్రాక్టు ఇంకా రెండేళ్లుంది. దాన్ని చూపించి అప్పు తీసుకుని ఇప్పుడే జిమ్ పెడితే, రిటైరయ్యాక ఆదాయానికి టెన్షన్ ఉండదనుకుంటున్నా. చేతిలో మూడు నెలల ఖర్చులకు సరిపడా డబ్బుంది. ఆరోగ్య బీమా టీమ్ చూసుకుంటోంది. ముందుకెళ్లొచ్చా?

జవాబు: వద్దు. రాబోయే జీతాన్ని చేతికొచ్చిన డబ్బుగా లెక్కేసుకోవడం క్రీడాకారులు తరచూ చేసే తప్పు. మోకాలి ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగితే, ఆపరేషన్ అయ్యాక మళ్లీ ఆడటానికి తొమ్మిది నెలలో ఏడాదో పడుతుంది. ఈలోగా టీమ్ మిమ్మల్ని వదులుకుంటే ఈఎంఐలు ఎవరు కడతారు? జర్మనీ టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్ ఆరు గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లు గెలిచారు. బ్యాంకు అప్పు తీర్చలేక 2017లో లండన్ కోర్టులో దివాలా తీశారు. అంత సంపాదించిన వ్యక్తికే తప్పలేదు.

ముందు అత్యవసర నిధి సంగతి చూడండి. ఉద్యోగికి ఆరు నెలల ఖర్చులు చాలంటాం, ఎందుకంటే అతనికి అదే పనిలో ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. మీరు 33 ఏళ్లకు కొత్త పని నేర్చుకుని, కింది మెట్టు నుంచి మొదలుపెట్టాలి. అందుకే మీకు కనీసం 24 నెలల ఖర్చులు కావాలి. బోనస్, ప్రైజ్ మనీ వచ్చిన రోజే ఇందులో వేయండి. జీతంలో సగంతోనే ఇల్లు గడపడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి. రేపు ఎలాగూ తప్పదు.

టీమ్ ఇచ్చే బీమా సాధారణంగా కాంట్రాక్టుతోనే పోతుంది. అప్పుడు సొంతంగా పాలసీకి వెళితే మీ పాత గాయాలన్నీ లెక్కలోకి వస్తాయి. ప్రీమియం పెంచుతారు, లేదా ఆ గాయాలకు కొన్నేళ్లు కవర్ ఉండదంటారు. సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి. ఏ గాయాన్నీ దాచొద్దు, దాస్తే క్లెయిమ్ దగ్గర దొరికిపోతారు. ప్రమాద బీమా తీసుకునేటప్పుడు మినహాయింపుల పేజీ తప్పక చదవండి. వృత్తిగా ఆడేటప్పుడు తగిలే దెబ్బలకు చాలా పాలసీలు డబ్బివ్వవు.

రిటైర్మెంట్ పెట్టుబడులు నిధి నిండాకే. జిమ్ మీద నిజంగా ఇష్టముంటే, సీజన్ లేని నెలల్లో వేరేవాళ్ల జిమ్‌లో పనిచేసి చూడండి, కోచింగ్ సర్టిఫికెట్ తెచ్చుకోండి.

అప్పు పత్రాలపై ఇంకా సంతకం పెట్టకపోతే ఆగిపోండి. ప్రాసెసింగ్ ఫీజు ఇప్పటికే కట్టేసినా సరే, పోతే పోనివ్వండి.