రెండేళ్ల కాలేజీ రెండేళ్లలోనే ముగియాలంటే

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ అంటే రెండేళ్ల చదువు, సుమారు 60 క్రెడిట్లు, చివర అసోసియేట్ డిగ్రీ. అక్కడి నుంచి యూనివర్సిటీలో మూడో ఏట చేరవచ్చు (దీన్నే ట్రాన్స్‌ఫర్ అంటారు), లేదా ఉద్యోగంలోకి వెళ్లవచ్చు. ఫీజు తక్కువ, సీటు తేలిగ్గా దొరుకుతుంది. పూర్తిచేయడం దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దాని గురించే.

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివాడు. ఒక్క సబ్జెక్టూ తప్పలేదు. ఇప్పటికి 48 యూనిట్లయ్యాయి (క్రెడిట్లను ఇక్కడ అలా అంటారు). అయినా యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో కంప్యూటర్ సైన్స్‌కి వెళ్లాలంటే ఇంకో ఏడాది పడుతుందంటున్నారు. ఎక్కడ తేడా వచ్చింది?
ఒక తల్లి, ఫ్రీమాంట్

జవాబు: రెండుచోట్ల వచ్చి ఉంటుంది. మొదటిది ఉత్త లెక్క. సెమిస్టర్‌కి 12 యూనిట్లు తీసుకుంటే ఫుల్‌టైమ్ విద్యార్థి కిందే లెక్క. కానీ పన్నెండు నాలుగులు నలభై ఎనిమిదే. ట్రాన్స్‌ఫర్‌కి కావలసింది 60. ఆ 12 అన్నది ఆర్థిక సాయం కోసం పెట్టిన హద్దు, డిగ్రీ వేళకు ముగియడానికి పెట్టింది కాదు. రెండేళ్లలో అవ్వాలంటే సెమిస్టర్‌కి 15 తీసుకోవాలి. లేదా 12 చొప్పున చదువుతూ రెండు వేసవుల్లో ఆరేసి యూనిట్లు కలుపుకోవాలి. వేసవికి చరిత్ర, ఆర్థికశాస్త్రం లాంటివి పెట్టుకోవడం మేలు. సెమిస్టర్ పాఠాన్ని ఆరు వారాల్లో చెప్పే క్లాసులో క్యాలిక్యులస్ తీసుకుంటే, రెండో వారంలో వెనకబడినవాళ్లు మళ్లీ అందుకోవడం చాలా కష్టం.

రెండోది లెక్కల వరస. కంప్యూటర్ సైన్స్‌కి క్యాలిక్యులస్ ఒకటి, రెండు, ఆ తర్వాత లీనియర్ ఆల్జీబ్రా, డిస్క్రీట్ మ్యాథ్ లాంటివి అడుగుతారు. ఒకటి అయితే గాని మరొకటి ఇవ్వరు. మొదటి సెమిస్టర్ ప్రీక్యాలిక్యులస్‌తో మొదలైతే వరసంతా ఒక సెమిస్టర్ వెనక్కి జరుగుతుంది. ఫిజిక్స్ కూడా క్యాలిక్యులస్ కోసమే ఆగుతుంది. పైగా చిన్న కాలేజీల్లో కొన్ని క్లాసులు ఏడాదికి ఒక్కసారే పెడతారు. చాలామంది పిల్లలు తేలికగా ఉంటాయని మొదటి ఏడాది అందరూ చదవాల్సిన జనరల్ ఎడ్యుకేషన్ సబ్జెక్టులన్నీ చదివేసి, లెక్కలు రెండో ఏటికి అట్టిపెడతారు. తిరగేసి చేయాలి. మొదటి సెమిస్టర్ నుంచే ఒక లెక్కల క్లాసు, ఒక ప్రోగ్రామింగ్ క్లాసు, మిగిలిన చోట జనరల్ సబ్జెక్టులు.

ఏ క్లాసు ఎక్కడ చెల్లుతుందో తెలుసుకోవడానికి కాలిఫోర్నియాలో అసిస్ట్ డాట్ ఆర్గ్ అనే వెబ్‌సైట్ ఉంది. విద్యా సంవత్సరం, మీ కాలేజీ, వెళ్లదలచిన క్యాంపస్, మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఎంచుకుంటే ఈ క్లాసుకు ఆ క్లాసు సమానమని పట్టిక చూపిస్తుంది. ఒక్క క్యాంపస్‌తో సరిపెట్టకండి. మూడు క్యాంపస్‌ల పట్టికలు అచ్చువేసి పక్కపక్కన పెట్టండి. మూడింట్లోనూ ఉన్నవి ముందు చదవాలి, ఒక్కదాంట్లోనే ఉన్నవి చివరకు ఉంచాలి. మేజర్‌కి అడిగే క్లాసుల్లో సి కన్నా తక్కువ గ్రేడ్ వస్తే ట్రాన్స్‌ఫర్‌కి పనికిరాదు. అంటే డి వస్తే పాసైనట్టు కనిపిస్తుంది గాని మళ్లీ చదవాల్సిందే.

తేదీలు ఏడాది ముందే వచ్చేస్తాయి. 2027 ఆగస్టు, సెప్టెంబరుల్లో చేరదలిస్తే దరఖాస్తు 2026 అక్టోబరు, నవంబరుల్లోనే వేయాలి. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు అర్హులైన ట్రాన్స్‌ఫర్ విద్యార్థులకు ముందే సీటు హామీ ఇస్తాయి. ట్యాగ్ అనే ఆ హామీకి దరఖాస్తు అంతకన్నా ముందు, సెప్టెంబరులోనే. కొన్ని క్యాంపస్‌లలో కంప్యూటర్ సైన్స్‌కి ట్యాగ్ వర్తించదు, ఆ సంవత్సరం ట్యాగ్ పట్టికలో చూసుకోవాలి. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీల వైపు అయితే అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్ అనే ప్రత్యేక డిగ్రీ ఉంది. అది పూర్తిచేస్తే ఆ వ్యవస్థలో సీటు ఖాయం, కోరుకున్న క్యాంపస్‌లోనే అని మాత్రం కాదు.

మీ అబ్బాయి ఇప్పుడు చేయవలసింది కౌన్సెలర్ దగ్గర కూర్చుని మిగిలిన క్లాసులను సెమిస్టర్ల వారీగా కాగితం మీద రాయించుకోవడం. ఏడాది ఎలాగూ పడుతుందని పట్టికలో లేని క్లాసులు నింపుకోవద్దు. కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా లెక్కలోకి తీసుకునేది 70 సెమిస్టర్ యూనిట్లే.

ప్రశ్న: ఫీజు కట్టేది నేను. కాలేజీకి ఫోన్ చేస్తే మా అమ్మాయి మార్కులు చెప్పం అంటున్నారు. ఇదేం పద్ధతి?
ఒక తండ్రి, ఎడిసన్

జవాబు: విద్యార్థుల రికార్డుల గోప్యతకు 1974లో వచ్చిన ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరిన రోజు నుంచి రికార్డులపై హక్కు విద్యార్థిదే, వయసు 18 నిండకపోయినా. అమ్మాయి సంతకం చేసి అనుమతి పత్రం ఇస్తే కాలేజీ మీతో మాట్లాడుతుంది. కానీ మార్కులకన్నా ఎక్కువ ఉపయోగపడేది డిగ్రీ ఆడిట్. ఏ క్లాసులు అయ్యాయి, ఏవి మిగిలాయి, ఏవి డిగ్రీకి లెక్కలోకి రావు అన్నది విద్యార్థి పోర్టల్‌లో ఒకే పేజీలో ఉంటుంది. సెమిస్టర్‌కి రెండుసార్లు ఆ పేజీ మీకు చూపించమనండి చాలు. న్యూజెర్సీలో ఉన్నారు కాబట్టి ఇంకొక్క మాట. 2007లో వచ్చిన చట్టం వల్ల అక్కడి ఏఏ, ఏఎస్ అనే అసోసియేట్ డిగ్రీల క్రెడిట్లు ఆ రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలకు మొత్తంగా వెళ్తాయి. డిగ్రీ చేతికి రాకముందే మధ్యలో మారితే ఆ రక్షణ ఉండదు, ఒక్కో క్లాసునూ విడిగా చూస్తారు. ఏఏఎస్ అనే ఉద్యోగపు డిగ్రీకి కూడా అది వర్తించదు.

ప్రశ్న: నాకు గ్రీన్‌కార్డు ఉంది, పెల్ గ్రాంటు (తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయం) వస్తోంది. స్టోర్‌లో వారానికి 30 గంటలు పనిచేస్తూ 12 క్రెడిట్లు తీసుకున్నాను. కాలేజ్ ఆల్జీబ్రా తప్పేలా ఉంది. డ్రాప్ చేయనా, ఎఫ్ వస్తే రానివ్వనా?
ఒక విద్యార్థి, డాలస్

జవాబు: ఏదీ చేయకముందు ఆ లెక్చరర్ ఆఫీస్ అవర్స్‌కి వెళ్లి ఒక్క ప్రశ్న అడగండి: మిగిలిన పరీక్షల్లో ఎంత వస్తే నాకు సి వస్తుంది? 80 లోపు అంటే ట్యూటరింగ్ సెంటర్ పట్టుకుని పోరాడవచ్చు. 95 అంటే డ్రాప్ చేయడం మేలు.

డ్రాప్ చేస్తే ట్రాన్‌స్క్రిప్టులో డబ్ల్యూ (మధ్యలో మానేసిన గుర్తు) పడుతుంది, జీపీఏ (గ్రేడ్ల సగటు) దెబ్బతినదు. ఎఫ్ అయితే దెబ్బతింటుంది. గ్రాంటు కోసం చూసే పూర్తిచేసిన క్రెడిట్ల లెక్కలో మాత్రం రెండూ ఒకటే. సాయం కొనసాగాలంటే మొదలుపెట్టిన క్రెడిట్లలో సాధారణంగా 67 శాతం పూర్తిచేయాలి, జీపీఏ 2.0 ఉండాలి. 12లో 9 పూర్తిచేస్తే 75 శాతం, గండం గడిచినట్టే. 6 మాత్రమే అయితే 50 శాతం, హెచ్చరిక వస్తుంది. తర్వాతి సెమిస్టర్‌లో కూడా కోలుకోకపోతే సాయం ఆగుతుంది. అప్పుడు కారణం చూపుతూ, డాక్టరు కాగితమో ఉద్యోగం వేళలు మారిన పత్రమో జతచేసి అప్పీలు చేసుకోవాలి.

అన్ని క్లాసులూ ఒకేసారి మానేయడం అసలు ప్రమాదం. సెమిస్టర్‌లో 60 శాతం గడవకముందే, అంటే 15 వారాల సెమిస్టర్‌లో ఇంచుమించు తొమ్మిదో వారం లోపు మానేస్తే, వచ్చిన గ్రాంటులో కొంత వెనక్కి పోతుంది. ఆ బాకీ మీ పేరున నిలిస్తే మళ్లీ రిజిస్టర్ కానివ్వకపోవచ్చు. చెప్పకుండా క్లాసులకు వెళ్లడం మానేసి అన్నింట్లో ఎఫ్‌లు తెచ్చుకున్నా ఇదే జరగవచ్చు. టెక్సస్‌లో ఇంకో నిబంధన ఉంది. 2007 చట్టం ప్రకారం ప్రభుత్వ కాలేజీల్లో డిగ్రీ ముగిసేలోగా ఆరు క్లాసులకు మించి డ్రాప్ చేయనివ్వరు. మామూలు సెమిస్టర్‌లో 12వ క్లాసు రోజు లోపు మానేసినవి ఇందులోకి రావు. ఆ తేదీ ఫోన్‌లో పెట్టుకోండి.

వచ్చే సెమిస్టర్ మాట. 12 క్రెడిట్లంటే క్లాసులో 12 గంటలు, ఇంట్లో దానికి రెట్టింపు, మొత్తం 36. దానికి 30 గంటల పని కలిస్తే 66. ఆ లెక్కలో ముందు తెగేది లెక్కల క్లాసే. 9 క్రెడిట్లకు తగ్గించి, వేసవిలో 6 తీసుకోండి. 9 క్రెడిట్లకు పెల్ గ్రాంటు పూర్తి మొత్తంలో 75 శాతం వస్తుంది, ఆగిపోదు. మరోసారి ఆల్జీబ్రా తీసుకునేటప్పుడు దానితో పాటు అదనపు సహాయ క్లాసు జతచేసిన కోరిక్విజిట్ సెక్షన్ ఉందేమో అడగండి. మీ మేజర్‌కి ఆల్జీబ్రా బదులు స్టాటిస్టిక్స్ చాలేమో కూడా అడ్వైజర్‌ని కనుక్కోండి. అక్కర్లేని ఆల్జీబ్రాతో కుస్తీపడుతున్నవాళ్లు తక్కువేం కాదు.

ప్రశ్న: నేను హెచ్4 (డిపెండెంట్) వీసా మీద ఉన్నాను. విశాఖలో బీకాం చదివాను. ఇక్కడ నర్సింగ్ చదవాలని ఉంది. ఎఫ్1కి మారాలా? బీకాం క్రెడిట్లు పనికొస్తాయా?
ఒక గృహిణి, యాష్‌బర్న్

జవాబు: చదువుకోవడానికి ఎఫ్1 విద్యార్థి వీసా అక్కర్లేదు, హెచ్4 మీదే చదవవచ్చు. ఎఫ్1 వాళ్లకున్నట్టు ప్రతి సెమిస్టర్ ఫుల్‌టైమ్ చదవాలన్న నిబంధన కూడా లేదు, పసిపిల్లలున్న ఇంట్లో అది పెద్ద వెసులుబాటు. ఫెడరల్ గ్రాంటులు మాత్రం రావు. వర్క్ పర్మిట్ లేకుండా క్యాంపస్‌లో కూడా జీతానికి పనిచేయకూడదు. ఇన్‌స్టేట్ (రాష్ట్రవాసుల) ఫీజు గురించి రిజిస్టర్ కాకముందే కాలేజీ రెసిడెన్సీ ఆఫీసులో అడగండి. మీ దంపతులిద్దరి ఐ94 (దేశంలోకి వచ్చిన రికార్డు), ఇంటి లీజు, రాష్ట్ర పన్ను రిటర్ను పట్టుకెళ్లండి. రెసిడెంటు ఫీజుకీ బయటి రాష్ట్రాల ఫీజుకీ తేడా రెండు మూడు రెట్లు ఉంటుంది.

బీకాం మార్కులను నేసెస్ (విదేశీ డిగ్రీలను మదింపు చేసే సంస్థల సంఘం) సభ్యత్వం ఉన్న సంస్థతో మదింపు చేయించాలి. కోర్స్ బై కోర్స్ రిపోర్టే తీసుకోండి. డిగ్రీ సమానమని చెప్పే చౌక రిపోర్టుతో క్రెడిట్లు ఇవ్వరు. యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు రావడానికి నెలలు పట్టవచ్చు, ముందు ఆ పని మొదలుపెట్టండి. జనరల్ ఎడ్యుకేషన్‌లో కొన్ని కలుస్తాయి. ఇంగ్లిష్ కాంపొజిషన్ మాత్రం చాలా కాలేజీలు మళ్లీ చదవమంటాయి.

నర్సింగ్‌లో రెండేళ్లన్నది ప్రోగ్రామ్‌లోకి తీసుకున్నాక మొదలయ్యే లెక్క. అంతకుముందు అనాటమీ ఫిజియాలజీ, చాలాచోట్ల మైక్రోబయాలజీ, ఇంగ్లిష్ అవ్వాలి. టీస్ వంటి ప్రవేశ పరీక్ష రాయాలి. సీట్లు పరిమితం, పోటీ గట్టిది. మొత్తం మూడు, మూడున్నరేళ్లు అనుకోండి. సైన్స్ క్లాసులు అయిదు, ఏడేళ్లు దాటితే పాతబడ్డాయని తోసిపుచ్చే ప్రోగ్రాములు ఉన్నాయి. కాబట్టి అవి చదివి మధ్యలో దీర్ఘ విరామం ఇవ్వకూడదు. క్లినికల్స్ (ఆసుపత్రిలో శిక్షణ) తెల్లవారుజామున మొదలవుతాయి, పిల్లల్ని ఎవరు చూస్తారన్నది దరఖాస్తుకి ముందే తేల్చుకోండి. లైసెన్సుకి సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతారా అన్నది రాష్ట్ర నర్సింగ్ బోర్డులో కనుక్కున్నాకే ఫీజు కట్టండి.

ప్రశ్న: మా తెలుగు సంఘం కమ్యూనిటీ కాలేజీ పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇవ్వాలనుకుంటోంది. పది మందికి తలా రెండు వేల డాలర్లు అనుకున్నాం. ఇంకా మంచి పద్ధతి ఉందా?
సంఘ కార్యవర్గం, ఒహాయో

జవాబు: ఉంది, మీ రాష్ట్రంలోనే పరీక్షకు నిలిచింది. న్యూయార్క్ నగర యూనివర్సిటీ 2007లో ఆసాప్ అనే పథకం మొదలుపెట్టింది. ఫుల్‌టైమ్ చదవాలి, అడ్వైజర్‌ని తరచూ కలవాలి. బదులుగా గ్రాంటు పోను మిగిలిన ఫీజు మాఫీ, బస్సు, రైలు ప్రయాణానికి కార్డు, పుస్తకాలకు సాయం. ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ లాటరీ పద్ధతిలో విద్యార్థులను రెండు గుంపులు చేసి చూసింది. మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవాళ్లు పథకంలో 40 శాతం, బయట 22 శాతం. ఒహాయోలో సిన్సినాటి స్టేట్, కయహోగా, లొరెయిన్ కాలేజీల్లో అదే పద్ధతి పెడితే 35 శాతం, 19 శాతం. ఆ పరిశీలన జరిగినప్పుడు న్యూయార్క్‌లో ఒక్కో అడ్వైజర్‌కి 60 నుంచి 80 మంది విద్యార్థులే ఉండేవారు. మామూలుగా ఆ సంఖ్య వందల్లో ఉంటుంది. డబ్బు ఒక్కటే కాదు, మనిషి తోడు, దానికి ముడిపెట్టిన చిన్న సాయం కలిసి పనిచేశాయి. ఒహాయోలో అడ్వైజర్‌ని కలిసినందుకు నెలకు 50 డాలర్ల గిఫ్ట్ కార్డు ఇచ్చారు.

మీ 20 వేలను ఇలా పంచవచ్చు. పది మందికి పది నెలలపాటు నెలకు 50 డాలర్లు, అయిదు వేలు. అడ్వైజర్‌ని కలిసినట్టు చూపితేనే ఆ నెలది ఇవ్వాలి. పుస్తకాలకు, ఆన్‌లైన్ హోంవర్క్ కోడ్‌లకు నాలుగు వేలు. ఈ కోడ్ కొనలేక మొదటి రెండు వారాల హోంవర్కు సున్నా తెచ్చుకునే పిల్లలున్నారు, కాబట్టి ఇది సెమిస్టర్ మొదటి రోజుకే అందాలి. వేసవి క్లాసుల ఫీజుకు ఆరు వేలు, అందులో డిగ్రీకి ఆరు క్రెడిట్ల దూరంలో ఉన్నవాళ్లకు తొలి హక్కు. కారు రిపేరు, అద్దె లాంటి అత్యవసరాలకు అయిదు వేలు, అడిగిన మూడు రోజుల్లో చేతికి వచ్చేలా. నెల తర్వాత కమిటీ సమావేశంలో మంజూరయ్యే సాయం ఆ పిల్లవాడు చదువు మానేశాక చేరుతుంది.

ఇచ్చేముందు ఆ కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుతో మాట్లాడండి. బయటి స్కాలర్‌షిప్ చేరితే కొన్నిసార్లు ఇతర సాయం తగ్గిస్తారు, ఏ రూపంలో ఇస్తే తగ్గదో వాళ్లే చెబుతారు.

ఇక తోడు. సంఘంలో ఒక్కో పెద్దకు ఇద్దరు పిల్లల్ని మించి అప్పగించకండి. ఆ పెద్ద ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు, నాలుగు సమయాల్లో ఫోన్ చేస్తే చాలు. మూడో వారంలో, మొదటి పరీక్ష మార్కులు వచ్చినప్పుడు. డ్రాప్ గడువుకి వారం ముందు. వచ్చే సెమిస్టర్ రిజిస్ట్రేషన్ తెరిచిన రోజున, ఎందుకంటే ఆలస్యమైతే కావలసిన సెక్షన్లు నిండిపోతాయి. ఫాఫ్సా (ఫెడరల్ ఆర్థిక సాయానికి పెట్టే) దరఖాస్తు మొదలయ్యే అక్టోబరులో. ఈ తేదీలు ప్రతి కాలేజీ అకడమిక్ క్యాలెండర్‌లో ఉంటాయి. ఆగస్టులోనే వాటిని రాసి పెద్దల చేతిలో పెట్టండి.