ఫిబ్రవరి 28 మర్నాడు

చి. సౌ. అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన 'మా అమ్మమ్మ టీచరమ్మ' వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కళ్లు చెమ్మగిల్లాయి. రెండోసారి చిరాకేసింది. కన్నీళ్లు మా పెద్దమ్మ గుర్తొచ్చి. చిరాకు, మీ అమ్మమ్మ అందులో ఎక్కడా కనబడనందుకు.

"ఓర్పుకు మారుపేరు", "అక్షరభిక్ష పెట్టిన చేతులు", "త్యాగమూర్తి". ఇవన్నీ సంతాపసభలో మైకు ముందు అనే మాటలు. అక్కడ తప్పులేదు, టైమ్ తక్కువ, ఏడుపు ఎక్కువ. నీకు టైముంది కదా!

నేనూ ఈ పని చేసినవాణ్ణేలే. మా పెద్దమ్మ కూడా సమితి స్కూల్లో టీచరు. ఆవిడ పోయిన ఏడాది నాలుగు పేజీలు రాస్తే పత్రికలో అచ్చయింది. పెద్దమ్మ కూతురికి, అంటే మా అక్కకి, కూర్చోబెట్టి చదివి వినిపించాను. అంతా విని, "చాలా బాగుందిరా. ఇంతకీ ఇది ఎవరి గురించి?" అంది. నవ్వుతూనే అంది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఇంట్లోవాళ్ల గురించి రాయడానికి నాకు చెయ్యాడలేదు.

సరే, నీ వ్యాసం సంగతి. "ఉత్తరాంధ్రలోని ఒక చిన్న పట్టణంలో" అని మొదలుపెట్టావు. బొబ్బిలి అని రాయడానికి ఏం అడ్డొచ్చింది? మీ అమ్మమ్మ కాగితాల ఫొటోలు నాకు పంపావు గానీ నువ్వు సరిగ్గా చూసినట్టు లేదు. ట్రైనింగ్ సర్టిఫికెట్ మీద విశాఖపట్నం జిల్లా అని ఉంది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక బొబ్బిలి అటు వెళ్లింది. 1979లో విజయనగరం జిల్లా పుడితే ఇటు వచ్చింది. ఈలోగా మద్రాసు రాష్ట్రం పోయి 1953లో ఆంధ్ర, 1956లో ఆంధ్రప్రదేశ్. ఆవిడ ఇల్లు మారలేదు, వీధి మారలేదు, అడ్రసు మాత్రం మారుతూనే ఉంది. "మనది ఏ జిల్లా?" అన్న ఒక్క ప్రశ్నకి ఆవిడ పిల్లలచేత ఎన్ని జవాబులు వల్లె వేయించిందో ఆలోచించు. ఇంత మంచి సంగతి చేతిలో పెట్టుకుని "ఒక చిన్న పట్టణం" అంటావేమిటమ్మా?

ఇప్పుడు అసలు చోటుకి వస్తాను. "1983లో సంతోషంగా పదవీ విరమణ చేసి, శేషజీవితం మనవల మధ్య గడిపారు" అని ఒక్క వాక్యంలో దాటేశావు. పుట్టిన తేదీ చూడు: 1927 జూలై 1. (అది కూడా బళ్లో వేసినప్పుడు మాస్టారు వేసిన తేదీయే అయ్యుంటుంది. మన పెద్దవాళ్లలో సగంమంది జూలై ఒకటినే పుట్టారు.) అంటే 1983 నాటికి ఆవిడకి 55 నిండి కొన్ని నెలలు. అప్పటిదాకా రిటైర్మెంటు వయసు 58. ఆ ఫిబ్రవరిలో దాన్ని 55కి దించారు. అప్పటికే 55 దాటినవాళ్లంతా ఫిబ్రవరి 28న ఒక్కసారే ఇంటికి. వేలమంది. తర్వాత ఆ వయసు మళ్లీ 58 అయిందనుకో.

క్యాలెండరు తీసి చూశాను. ఆ 28 సోమవారం. మర్నాడు మంగళవారం. బడి ఉంది, ఆవిడకి లేదు. పైగా సంవత్సర పరీక్షల ముందు. ముప్పై అయిదేళ్లు తొమ్మిదింటికల్లా ముడి బిగించుకుని, గొడుగు పట్టుకుని బయల్దేరిన మనిషి ఆ పొద్దున తొమ్మిదింటికి ఏం చేసింది? ఇస్త్రీ చీరే కట్టుకుందా? బడిగంట ఇంట్లోకి వినబడేదా? పరీక్షలున్న పిల్లలు అరుగు మీదకి వచ్చారా, రానిచ్చిందా? నాకు తెలీదు. మీ అమ్మకి తెలుసు. ఆ "సంతోషంగా" అన్న మాట నీకెవరైనా చెప్పారా? చెప్పి ఉండరు. రిటైర్మెంటు అనగానే కలం తనంతట తనే రాసేసి ఉంటుంది.

ఇంకోటి. మీ పిన్ని పెళ్లి 1984లో అయిందని నువ్వే రాశావు. ఆ పెళ్లి ఫొటోలో మీ అమ్మమ్మ చేతులు చూడు. మట్టిగాజులే. అంతకుముందు స్కూలు గ్రూప్ ఫొటోలో రెండు చేతులకీ బంగారు గాజులున్నాయి. ఇంకా రెండేళ్లకి పైగా రావాల్సిన జీతం ఉన్నపళంగా ఆగిపోయింది, ఆ పై ఏడాదే పెళ్లి. గ్రాట్యుటీ వచ్చే ఉంటుంది, ఎప్పుడొచ్చిందో కనుక్కో. "ఇంటికి పెద్దదిక్కుగా నిలిచారు" అని రాశావే, ఆ నిలవడం ఎలా ఉంటుందో ఈ రెండు ఫొటోల మధ్య ఉంది. గాజుల సంగతి నా ఊహే సుమా. అడిగి రూఢి చేసుకోకుండా రాసేయకు.

ఇక తొడపాశం. "అమ్మమ్మ తొడపాశం పెడితే వారం రోజులు కమిలిపోయేదని అమ్మ చెప్పింది, బాగుండదని వ్యాసంలో పెట్టలేదు" అని నాకు ఉత్తరంలో రాశావు. నీ వ్యాసం మొత్తం మీద ఆవిడ వేళ్లు నాకు తగిలింది ఆ ఉత్తరంలోనే. పెట్టు. మీ అమ్మ ఆవిడ క్లాసులోనే చదివింది కదా. ఇంట్లో అమ్మా అని పిలిచి, వీధి చివర బడి గేటు దాటగానే "టీచర్" అనాలి. సొంత కూతురని లోకువిచ్చిందని అంటారేమోనని అందరికంటే గట్టి తొడపాశం ఆ పిల్లకే పడి ఉంటుంది. ఊరంతా టీచరమ్మని ప్రేమించింది, నిజమే. ఆ ప్రేమలో తన వాటా తగ్గిందని మీ అమ్మకి ఎప్పుడైనా అనిపించిందా? మెల్లిగా అడుగు. చెప్పకపోతే ఊరుకో.

చిన్న విషయాలు రెండు. బొబ్బిలి మనిషి చేత "ఏమిటి నాయనా ఇది" అనిపించావు. "ఏటిరా ఇది" అనదూ! పాఠం చెప్పేటప్పుడు ఒక తెలుగు, వంటింట్లో ఒక తెలుగు ఉండే ఉంటుంది, రెండూ వినిపించు. కలెక్టరైన శిష్యుడి గురించి అర పేజీ రాశావు, ఆయన గురించి ఆయనే రాసుకుంటాడులే. ఆవిడ ఎంత చెప్పినా చదువు అబ్బని వాడు ఒకడు ఆ ఊళ్లోనే ఉంటాడు. వాణ్ణి పట్టుకో.

మావయ్యల ఆస్తి తగాదా జోలికి ఇప్పుడే పోకు. అది వేరే కథ.

కానీ "ఇంట్లో ఆమె మాటకి ఎదురులేదు" అన్న ముక్క ఉంది చూశావూ, అది కూతుళ్లు చెప్పిన మాట. ఆ ఇంట్లో ఆవిడతో కలిసి పాతికేళ్లు వండి వడ్డించింది మీ అత్తయ్య. నీ పన్నెండు పేజీల్లో ఆవిడ ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. కోడల్ని అడక్కుండా అత్తగారి జీవితం రాస్తారటమ్మా ఎవరైనా?

ఎప్పటికల్లా పూర్తి చెయ్యాలని తొందరేం లేదు. ముందు అత్తయ్యకి ఫోన్ చెయ్యి. మీ అమ్మ పక్కన లేనప్పుడు.

ఉంటాను.