అవ్వ మంచం దిగలేదు, బ్యాంకు గడప దాటదా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా అవ్వకు 82 ఏండ్లు. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది కానీ లేచి నడవలేదు. మతి మాత్రం మా అందరికంటే బాగుంది. చెయ్యి వణికి సంతకం కలవట్లేదని బ్యాంకులో విత్‌డ్రాయల్ ఫారం రెండుసార్లు వెనక్కిచ్చినారు. ‘ఆమెనే తీసుకురాండి’ అంటున్నారు. ఇప్పటికైతే ఆమె ఏటీఎం కార్డుతో నేనే డబ్బు తీస్తున్నా. ఇది తప్పా?
– కొర్లగుంట, తిరుపతి

జవాబు: ‘ఆమెనే తీసుకురాండి’ అనేది కౌంటరులో కూర్చున్నవారికి సులువైన మాట. నిబంధన మాత్రం అది కాదు. మంచాన పడిన ఖాతాదారుల కోసం రిజర్వు బ్యాంకు ఎప్పుడో దారి చూపించింది. సంతకం చేయలేనివారు ఫారం మీద వేలిముద్ర వేయవచ్చు. చేతివేలు కుదరకపోతే కాలివేలి ముద్రయినా సరే. ఆ ముద్రను బ్యాంకుకు తెలిసిన ఇద్దరు స్వతంత్ర సాక్షులు గుర్తించాలి, వారిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. అంటే అధికారి కళ్లెదుటే ముద్ర పడాలి. మీరు ఇంట్లో వేయించి తీసుకెళ్లిన ఫారం చెల్లదు. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేసి, బ్యాంకుతో గొడవ పెట్టుకుంటారు. ముద్ర కూడా వేయలేని స్థితి వస్తే ఏదో ఒక గుర్తు పెట్టించి, ఇదే పద్ధతిలో సాక్ష్యం తీసుకుంటారు. డబ్బు ఎవరి చేతికివ్వాలో ఖాతాదారే సూచించాలి. ఆ మనిషిని కూడా ఇద్దరు సాక్షులు గుర్తించాలి, డబ్బు తీసుకునే ఆ మనిషి సంతకం బ్యాంకు తీసుకుంటుంది.

కాబట్టి మేనేజరు పేరున ఒక అర్జీ రాయండి. ‘వృద్ధాప్యం, అనారోగ్యం వల్ల కదలలేని ఖాతాదారు సౌకర్యం’ అని విషయం రాయండి. ‘నిరక్షరాస్యుల ఖాతాగా మార్చండి’ అని మాత్రం పొరపాటున కూడా రాయవద్దు. అలా మారిస్తే చెక్కుబుక్కు, కార్డు దగ్గర చిక్కులు వస్తాయి. అర్జీకి ఆధార్, పాస్‌బుక్ జిరాక్సులు, డాక్టరు సర్టిఫికెట్ జతచేయండి. సర్టిఫికెట్‌లో రెండు మాటలు ఉండాలి: మంచం దిగలేరు, మానసికంగా పూర్తి స్పృహలో ఉన్నారు. రెండోది లేకపోతే మొదటిదే మీకు ఎదురు తిరుగుతుంది. రెండో కాపీ మీద తేదీతో ‘అందింది’ అని ముద్ర కొట్టించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) ఫిర్యాదు చేయడానికి ఆ ముద్రే ఆధారం. ఫిర్యాదు ఎలాగో 14448 నంబరుకు ఫోన్ చేస్తే చెబుతారు.

ఇంకొక సంగతి. 2017 నవంబరు 9న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం 70 ఏళ్లు దాటినవారికి, జబ్బుతో కదలలేనివారికి బ్యాంకులు ఇంటి వద్దే కొన్ని పనులు చేసిపెట్టాలి: ఖాతాలోంచి నగదు తెచ్చివ్వడం, రసీదు ఇచ్చి నగదు, చెక్కులు తీసుకెళ్లడం, డీడీ అందించడం, కేవైసీ (ఖాతాదారు గుర్తింపు, చిరునామా) పత్రాలు, లైఫ్ సర్టిఫికెట్ (పెన్షనరు బతికే ఉన్నారనే ధ్రువపత్రం) తీసుకోవడం. మీ అవ్వకు వయసు రీత్యానూ హక్కుంది, జబ్బు రీత్యానూ ఉంది. రుసుమెంత, ఒకసారికి ఎంత తెచ్చిస్తారన్నది మీ బ్రాంచిలోనే కనుక్కోండి. అధికారి ఎటూ ఇంటికి వస్తున్నారు కదా, ఆ ఒక్క రాకలోనే కేవైసీ, నామినీ, మొబైల్ నంబరు మార్పు, కొత్త నమూనా సంతకం అన్నీ ముగించండి. రెండోసారి రప్పించడం మొదటిసారి కంటే కష్టం.

వేలిముద్ర విషయంలో చిన్న జాగ్రత్త. ముసలివారి వేళ్ల గీతలు అరిగిపోయి ఉంటాయి. సిరా ఎక్కువైతే నల్లటి మచ్చే మిగులుతుంది. వేలిని తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, స్టాంపు ప్యాడ్ మీద తేలిగ్గా అద్ది, గోరు ఒక అంచు నుంచి రెండో అంచుకు ఒక్కసారి దొర్లించాలి. గట్టిగా నొక్కితే గీతలు కలిసిపోతాయి. ముందు తెల్లకాగితం మీద రెండుసార్లు వేయించి చూడండి.

ఇక ఏటీఎం కార్డు. ఆమె చెప్పి ఇచ్చిందే అయినా పిన్ మరొకరికి చెప్పడం బ్యాంకు షరతులకు విరుద్ధం. రేపు ఆ కార్డుతో మోసం జరిగితే, బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాకా పోయిన సొమ్ముకు బాధ్యత ఖాతాదారుదేనని బ్యాంకు అంటుంది, రిజర్వు బ్యాంకు 2017 జులై నిబంధన కూడా దానికే బలమిస్తుంది. అంతకంటే పెద్ద తలనొప్పి ఇంట్లోదే. అవ్వ తర్వాత మీ చిన్నాయన ‘లక్ష రూపాయలు ఎక్కడ పోయినాయి’ అంటే చూపించడానికి మీ దగ్గర కాగితం ఉండదు. దీనికి బదులు మాండేట్ లెటర్ ఇప్పించండి. ‘నా ఖాతాను ఫలానా వ్యక్తి నిర్వహించవచ్చు’ అని ఆమె రాసిస్తే మీ సంతకం బ్యాంకు రికార్డులోకి ఎక్కుతుంది, డబ్బు మాత్రం ఆమెదిగానే ఉంటుంది. ఖాతాలో మీ పేరు చేర్చుకోవాలంటే ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీయవచ్చు) అని అడగండి. ఫారంలో దాని కిందే ఉండే ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ మీద టిక్కు పెడితే మొదటి పేరున్న మనిషి బతికున్నంత కాలం రెండో మనిషి ఒక్క రూపాయి తీయలేరు. ఇంటికే పరిమితమైన అవ్వకు అది పనికిరాదు. నామినీ కూడా అంతే, ఆ హోదా ఖాతాదారు మరణించాకే పనిచేస్తుంది.

ప్రశ్న: మా నాయన రైల్వేలో రిటైరైనారు. వయసు 81. లైఫ్ సర్టిఫికెట్‌కు మిషన్ మీద వేళ్లు ఎన్నిసార్లు పెట్టినా పడట్లేదు. పెన్షన్ ఖాతాలో నా పేరు కూడా చేర్చమంటే కుదరదన్నారు. ఎందుకని?
– రేణిగుంట

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాం. కేంద్ర ప్రభుత్వ పెన్షన్ ఖాతాను కుటుంబ పెన్షన్‌కు అర్హులైన భార్య లేదా భర్తతోనే ఉమ్మడిగా పెట్టుకోవచ్చు, పిల్లలతో కాదు. బ్యాంకువారు చెప్పింది నిజమే. మార్గం ఏమిటంటే మీ నాయన, మీరు కలిసి ‘ఐదర్ ఆర్ సర్వైవర్’గా వేరే సేవింగ్స్ ఖాతా తెరవండి. పెన్షన్ పడిన రెండు మూడు రోజులకు ఇంటి ఖర్చుకు సరిపడే మొత్తం అందులోకి బదిలీ అయ్యేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. మిగతాది పెన్షన్ ఖాతాలోనే ఉంటుంది.

వేళ్లు పడకపోతే ముఖం చాలు. స్మార్ట్‌ఫోన్‌లో ఆధార్ ఫేస్ ఆర్డీ, జీవన్ ప్రమాణ్ అనే రెండు యాప్‌లు ప్లేస్టోర్ నుంచే వేసుకోండి. ఆధార్ ఫేస్ ఆర్డీ తెరిస్తే ఏమీ కనిపించదు, వెనకాల పనిచేస్తుంది, పాడైందని తీసేయవద్దు. ముందు ఫోన్ నడిపే మీరు మీ ఆధార్‌తో ఆపరేటరుగా నమోదు కావాలి. తర్వాత నాయన ఆధార్, మొబైల్, పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) నంబరు, పెన్షన్ ఖాతా నంబరు నింపి ముఖం స్కాన్ చేయాలి. కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి, వెలుతురు ముఖం మీద పడాలి, వీపు మీద కాదు. కళ్లజోడు తీయించి కనురెప్పలు ఆర్పమనండి. పడుకునే ఉన్నవారైతే తలగడ ఎత్తి, ఫోన్ ముఖానికి నేరుగా పట్టాలి. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసి ఉంటే ఎంత ప్రయత్నించినా పడదు. ముందు అన్‌లాక్ చేయండి.

ప్రమాణ్ ఐడీ (ఆ సర్టిఫికెట్ నంబరు) వచ్చిందని వదిలేయవద్దు. సర్టిఫికెట్ ఆమోదం పొందిందో లేదో జీవన్ ప్రమాణ్ పోర్టల్‌లో చూడాలి. పీపీఓలో ఒక్క అంకె తప్పినా, పెన్షన్ ఇచ్చే సంస్థను తప్పుగా ఎంచుకున్నా తిరస్కరిస్తారు, ఆ సంగతి పెన్షన్ ఆగేదాకా చాలామందికి తెలియదు. 80 దాటినవారు నవంబరు దాకా ఆగనక్కర్లేదు, అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. మీ చేత కాకపోతే పోస్ట్‌మ్యాన్‌ను పిలవండి. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు తరఫున ఇంటికొచ్చి 70 రూపాయలకు చేసిపెడతారు. ఈ నెలల్లోనే ‘లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ చేస్తాం, ఓటీపీ చెప్పండి’ అనే ఫోన్లు ఎక్కువ. చెప్పేసి డబ్బు పోతే ఆ గంటలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.

ప్రశ్న: మా మామగారికి మతిమరుపు జబ్బు ముదిరింది, మనుషులను గుర్తుపట్టరు. నాలుగేళ్ల కిందట మా ఆయన పేరున జీపీఏ (తన తరఫున పనులు చేసే అధికారపత్రం) రాసిచ్చారు. ఇప్పుడు బ్యాంకులో చెల్లదంటున్నారు. వేలిముద్ర వేయించి పని జరిపించమని మా బావ అంటున్నారు.
– చిత్తూరు

జవాబు: మీ బావగారి మాట వినవద్దు. ఏం చేస్తున్నారో తెలియని మనిషి వేలు పట్టుకుని వేయించిన ముద్ర చెల్లదు సరికదా, వేయించినవారి మెడకు చుట్టుకుంటుంది. బ్యాంకు చెప్పింది కూడా కరెక్టే. ఒకరి తరఫున పనిచేసే అధికారం, ఇచ్చిన మనిషి మతి కోల్పోగానే ముగుస్తుందని కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చెబుతోంది. జీపీఏ అవసరమయ్యే రోజునే అది చేతిలోంచి జారిపోతుంది! మన చట్టంలో ఉన్న పెద్ద లోటు ఇదే.

మిగిలింది కోర్టు. వైకల్యం ఉన్నవారి హక్కుల చట్టం, 2016లోని 14వ సెక్షన్ కింద పరిమిత సంరక్షకుడిని నియమించే వీలుంది. స్పృహ పూర్తిగా లేనివారి విషయంలో హైకోర్టులు రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద కుటుంబసభ్యులను సంరక్షకులుగా నియమించిన సందర్భాలున్నాయి. న్యూరాలజిస్టు లేదా సైకియాట్రిస్టు సర్టిఫికెట్, ఆస్తులు, ఖాతాల జాబితా, మిగతా వారసులందరి సమ్మతి పత్రాలు ముందే సిద్ధం చేసుకుని లాయరును కలవండి. అన్నదమ్ములు ఒక్కమాట మీద ఉంటే పని సగం తగ్గుతుంది. ఈలోపు ఆయన ఆస్పత్రి బిల్లును ఆయన ఖాతా నుంచి నేరుగా ఆస్పత్రికే చెల్లించమని బ్యాంకును రాతపూర్వకంగా అడిగి చూడండి. కొందరు మేనేజర్లు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు.

జబ్బు మొదట్లోనే ఉన్న ఇళ్లవారికి ఒక మాట. జీపీఏ రిజిస్టర్ చేయించాలంటే జబ్బు మనిషిని ఆఫీసుకు మోసుకెళ్లక్కర్లేదు. శారీరక అశక్తత ఉన్నవారి ఇంటికి సబ్ రిజిస్ట్రారు వచ్చే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది.

ప్రశ్న: నేను బెంగళూరులో ఉంటాను, అమ్మ చంద్రగిరిలో. మందులు, పాలు, కూరగాయలు తెచ్చే చెల్లెలికి అమ్మ యూపీఐ పిన్ చెప్పక తప్పట్లేదు.

జవాబు: తప్పుతుంది. యూపీఐ సర్కిల్ అనే సదుపాయం ఉంది. అమ్మ తన యాప్‌లో చెల్లెలిని రెండో వినియోగదారుగా చేర్చుకుంటే, చెల్లెలు తన ఫోన్ నుంచే అమ్మ ఖాతా సొమ్ము చెల్లించవచ్చు, అమ్మ పిన్ అక్కర్లేదు. పూర్తి అనుమతి ఇస్తే ఒకసారికి 5,000, నెలకు 15,000 రూపాయలు మించవు. అంతకంటే తక్కువ హద్దు కూడా పెట్టుకోవచ్చు. ప్రతి చెల్లింపునూ అమ్మే ఆమోదించే పద్ధతి కూడా ఉంది కానీ, కళ్లు సరిగా కనిపించనివారికి అది విసుగే. అన్ని యాప్‌లలో, అన్ని బ్యాంకులకు ఇది ఉండకపోవచ్చు. ముందు అమ్మ యాప్‌లో చూసుకుని, ఈసారి ఊరికి వెళ్లినప్పుడు పక్కనుండి చేయించండి. అది కుదిరాక అమ్మ పాత పిన్ మార్పించండి.