ఎగిరే గూడబాతుల మీద ఫోకస్ నిలవకపోతే కెమెరా బాడీ మార్చాలా?

నికాన్ డి5600 కెమెరాకి 200-500 ఎంఎం లెన్స్ తగిలించి గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల కేంద్రంలో మీరు తీస్తుంటే, ఎగిరే గూడబాతుని (పెలికాన్) వదిలేసి ఫోకస్ వెనక చెట్ల మీదికి పోతోందన్నారు. ఇదే జోడీతో గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల కొన్నేళ్లు తీశాను కాబట్టి చెప్తున్నా: గూడబాతుల కోసమైతే బాడీ మార్చక్కర్లేదండీ.

ముందు లెన్స్ పక్కనున్న స్విచ్ చూడండి. 'ఫుల్'లో ఉంటే, 6 మీటర్ల నుంచి పనిచేసే వైపుకి జరపండి. లేకపోతే పట్టు తప్పినప్పుడల్లా లెన్స్ ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతుక్కుంటుంది, ఆలోపు పక్షి చెరువు దాటేస్తుంది. ఇంకోటి, పక్షి రాకముందే అది వచ్చేంత దూరంలో ఉన్న కొమ్మ మీద ఒకసారి ఫోకస్ చేసి పెట్టుకోండి. వ్యూఫైండర్‌లో పూర్తిగా అలుక్కుపోయిన పక్షిని ఏఎఫ్ (ఆటోఫోకస్) సెన్సర్ గుర్తుపట్టలేదు. కాస్త మసగ్గా ఉంటే చటుక్కున పట్టేస్తుంది.

కదిలేదాన్ని ఆగకుండా వెంటాడే ఏఎఫ్-సి మోడ్ పెట్టి, డైనమిక్ ఏరియాలో (ఒక పాయింట్ నుంచి పక్షి జారితే చుట్టుపక్కల పాయింట్లు అందుకునే పద్ధతి) 9 పాయింట్లు ఎంచుకోండి. ఖాళీ ఆకాశంలో 39 పెట్టినా నడుస్తుంది, వెనక చెట్లుంటే మాత్రం వద్దు. ఈ బాడీలో అడ్డగీతల్నీ నిలువుగీతల్నీ రెండిటినీ పట్టగల క్రాస్ టైప్ పాయింట్లు 9 మాత్రమే, అవీ మధ్యలోనే ఉన్నాయి. అందుకని పక్షిని నడిమధ్యన ఉంచి తీసి, క్రాపింగ్ ఇంటికొచ్చాక చూసుకోండి.

మీ చెట్ల సమస్యకి అసలు మందు ఏఈ-ఎల్/ఏఎఫ్-ఎల్ బటన్. మెనూలో దాన్ని ఏఎఫ్-ఆన్‌గా మార్చండి, అప్పుడు ఆ బటన్ నొక్కి ఉంచినంతసేపే ఫోకస్ పనిచేస్తుంది. పక్షి కొమ్మల వెనక్కి వెళ్లగానే బొటనవేలు ఎత్తేస్తే ఫోకస్ ఉన్నచోటే ఆగుతుంది, బయటికి రాగానే మళ్లీ నొక్కాలి. వేలికి అలవాటయ్యేదాకా విసుగ్గానే ఉంటుంది.

నిలబడే చోటు గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. పెద్ద పక్షులు గాలికి ఎదురుగా దిగుతాయి. గాలి మీ వీపుకి తగులుతుంటే అవి నేరుగా మీ మీదికే వస్తాయి. ఫోటో బాగుంటుంది గానీ క్షణక్షణానికీ దూరం మారిపోయి కెమెరాకి అదే కష్టం. చేయి తిరిగేదాకా పక్కగా వెళ్లేవాటినే తీయండి. గూడబాతు రెక్కలు నాలుగుసార్లు కొట్టి కాసేపు గాల్లో తేలుతుంది. దిగేముందు మెడ ముడుచుకుని, జాలకాళ్లు ముందుకు చాచి, రెక్కలతో బ్రేకు వేస్తుంది. అప్పటిదాకా ఆగకుండా, తేలుతున్నప్పుడే ఫోకస్ పట్టుకుని వెంట తిప్పుతూ ఉండండి. షటర్ 1/2000 సెకను, చేతి వణుకుని తగ్గించే వీఆర్ స్విచ్ స్పోర్ట్‌లో.

బాడీ తేడా తెలిసేది విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్ల మీద గిరికీలు కొట్టే టెర్న్ పిట్టలతో. అవి చిన్నవి, ఒక్కసారిగా దిశ మార్చి నీళ్లలోకి దూకుతాయి. డి5600తో పది తీస్తే ఒకటి దక్కడమే గొప్ప. అలాంటివే కావాలంటే 2024లో వచ్చిన నికాన్ మిర్రర్‌లెస్ కెమెరా జడ్50-2 చూడండి, దాంట్లో పక్షులకి వేరే మోడ్ ఉంది. పాత లెన్సుల్ని దానికి తగిలించే ఎఫ్‌టీజడ్ అడాప్టర్ కొంటే మీ లెన్స్ అలాగే పనికొస్తుంది. ఇప్పుడు నేను వాడేది ఆ కెమెరానే. కానీ ఉప్పలపాడులో చెట్టు నిండా పక్షులుంటే అదీ తికమకపడుతుంది, నాక్కావలసినదాన్ని వదిలేసి గూట్లో కూర్చున్నదాని కన్ను పట్టుకుంటుంది.

వేసవిలో తొమ్మిదీ పదీ దాటాక కృష్ణ ఇసుక మీదుగా తీసినవి మసగ్గా వస్తే సెట్టింగులతో కుస్తీ పట్టకండి. అది వేడిగాలి అలల పని, ఏ ఆటోఫోకస్సూ దాన్ని సరిచేయలేదు. ఇంకా దగ్గరగా రావడానికి 1.4 టెలికన్వర్టర్ (లెన్స్‌కీ బాడీకీ మధ్య పెట్టి బొమ్మని 1.4 రెట్లు పెద్దది చేసేది) కొనమని ఎవరైనా అంటే డబ్బులు దాచుకోండి. దాంతో మీ ఎఫ్/5.6 లెన్స్ ఎఫ్/8 అవుతుంది, అంటే లోపలికొచ్చే వెలుతురు సగానికి పడిపోతుంది, డి5600 ఆటోఫోకస్ ఎఫ్/5.6 వరకే నమ్మదగ్గది.