రొమ్ములో 2.3 సెంటీమీటర్ల గడ్డ: మొత్తం తీయించాలా, గడ్డ వరకే తీస్తే చాలా?

మీ అమ్మగారికి 52 ఏళ్లు, గడ్డ 2.3 సెంటీమీటర్లు, చంకలో చేతికి ఏమీ తగల్లేదు, డాక్టరు రెండో స్టేజీ అన్నారు, గడ్డ వరకే తీస్తే సరిపోతుందన్నారు. మీ పెద్దమ్మా మేనత్తా మాత్రం మొత్తం తీయించేయమంటున్నారు, సూది గుచ్చితే పాకుతుందని ముక్క పరీక్ష (బయాప్సీ) కూడా వద్దంటున్నారు అని రాశారు. చెల్లెమ్మా, నాలుగేళ్ల కిందట చిత్తూరులో మా ఇంట్లోనూ అచ్చం ఇదే పంచాయితీ. అప్పుడు పేషెంటును నేనే.

ముందు ముక్క పరీక్ష సంగతి చెప్తాను. నేను దెబ్బతిన్నది అక్కడే. మా ఊళ్లో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో చూపించుకుంటే ‘కొవ్వు గడ్డలా ఉంది, తీసేద్దాం’ అన్నారు. మామోగ్రామ్ లేదు, సూది పరీక్ష లేదు. అరగంటలో తీసేసి, తెల్ల ప్లాస్టిక్ డబ్బాలో మందు పోసి, అందులో వేసి మా ఆయన చేతికిచ్చారు, తిరుపతిలో ల్యాబ్‌కి ఇచ్చి రమ్మని. ఆయన దాన్ని క్యారియర్ సంచిలో పెట్టుకుని, బస్సులో రెండు గంటలూ ఒళ్లోంచి దించకుండా తీసుకెళ్లారు. పది రోజులకు రిపోర్టు వచ్చింది. క్యాన్సర్, 1.8 సెంటీమీటర్లు, అంచులో ఇంకా మిగిలి ఉంది. ఏ అంచులో అంటే చెప్పేవాళ్లు లేరు. తీసేటప్పుడు పైవైపు ఏదో పక్కవైపు ఏదో తెలిసేలా దారంతో గుర్తు పెట్టలేదు. దాంతో అదే చోట రెండోసారి కోయాల్సి వచ్చింది.

అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. ముక్క పరీక్షకు సూదితో తీసేది సేమ్యా పోగంత. దానివల్ల జబ్బు ముదరదు. క్యాన్సర్ అవునా కాదా అన్నదే కాదు, ఈఆర్, పీఆర్ (గడ్డ హార్మోన్ల వల్ల పెరిగే రకమా అని చూసేవి), హెర్-2 (ఆ పేరుగల ప్రొటీన్ ఎక్కువుందా అని చూసేది) అనే మూడు పరీక్షలూ ఆ పోగు మీదే చేస్తారు. ఏ మందు ముందు, ఏది తర్వాత అన్నది వాటిని బట్టే. ఆ రిపోర్టు చేతికి రాకుండా ఆపరేషన్‌కి ఒప్పుకోకండి.

ఇక స్టేజీ. ఇప్పుడు చెప్పింది చేతితో చూసి, స్కాన్‌లో కొలిచి వేసిన అంచనా. 2 సెంటీమీటర్ల లోపుంటే టీ1, 2 దాటి 5 వరకు టీ2. చంకలో బిళ్లలకు (లింఫ్ గ్రంథులకు) పాకకపోతే ఎన్0. మీ అమ్మగారిది టీ2, ఎన్0 కాబట్టి రెండో స్టేజీలో మొదటి భాగం అన్నమాట. ఆపరేషన్ తర్వాత పరీక్షలో గడ్డ 1.9 అని తేలి, బిళ్లలు శుభ్రంగా ఉంటే అదే మొదటి స్టేజీ అవుతుంది. నాకు తిరగబడింది. గడ్డ చిన్నదే కదా, మొదటి స్టేజీ అనుకున్నాం. చంకలో తీసిన మూడు బిళ్లల్లో ఒకదానిలో దొరికింది, రెండో స్టేజీ అయింది. 2018 నుంచి గడ్డ గ్రేడునీ (కణాలు ఎంత మారిపోయాయన్నది), ఆ మూడు పరీక్షల ఫలితాన్నీ కలిపి కూడా స్టేజీ లెక్క వేస్తున్నారు. కాబట్టి ఆ అంకె చూసి ఇప్పుడే కుంగిపోకండి. ఒంట్లో వేరే ఇబ్బందులేవీ లేకపోతే ఈ దశలో పెట్ స్కాన్ మామూలుగా అవసరం పడదు. ఎవరైనా రాస్తే ఎందుకని అడగండి.

రెండో ఆపరేషన్ తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో చేయించుకున్నాను. చంకలో బిళ్లలన్నీ ఒకేసారి తీయరు. రొమ్ములో నీలం మందు ఎక్కించి, ఆ రంగు ముందుగా చేరిన రెండు మూడింటిని తీసి చూస్తారు. అవి శుభ్రంగా ఉంటే మిగతావాటి జోలికి పోరు. మరునాడు మూత్రం నీలంగా వస్తే ప్రాణం జారిపోయింది. ఆ రంగు మందేనని సిస్టరమ్మ చెప్పారు. మీ అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. నాకు ఒకదానిలో దొరికింది కాబట్టి మిగతావీ తీశారు. చంక కింద ట్యూబు, దానికో చిన్న డబ్బా. రోజూ ఎంత నీరు దిగిందో మా పాప నోటుబుక్కులో రాసేది. 30 మిల్లీలీటర్ల లోపుకి వచ్చాక తీసేశారు. కుడి చెయ్యి ఇప్పటికీ అప్పుడప్పుడూ బరువెక్కుతుంది. బిగుతు జాకెట్లు మానేశాను.

మొత్తం తీయించాలా అన్నదానికి వస్తాను. మా అత్త కూడా ఏడుస్తూ అదే అంది, ‘రొమ్ము పోతే పోయింది, మనిషి దక్కాలి గదమ్మా’ అని. ప్రేమతో అన్న మాటే. కానీ మనిషి దక్కడానికి మొత్తం తీయనక్కర్లేదు. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో వెరొనేసి అనే ఇద్దరు సర్జన్లు 1970లలో మొదలుపెట్టి, ఇరవై ఏళ్లు పేషెంట్లను గమనించి 2002లో ఫలితాలు చెప్పారు. మొత్తం తీసినవాళ్లూ, గడ్డ వరకే తీసి కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్నవాళ్లూ ఒకే తీరుగా బతికారు. ఆ కరెంటు మాత్రం మానకూడదు. ఫిషర్ లెక్కలో కరెంటు పెట్టించుకోని నూరుమందిలో 39 మందికి అదే రొమ్ములో మళ్లీ వచ్చింది, పెట్టించుకున్నవాళ్లలో 14 మందికి.

గడ్డలు రెండు మూడు చోట్ల దూరదూరంగా ఉన్నా, కరెంటు పెట్టడానికి వీల్లేకపోయినా, మళ్లీ కోసినా అంచు శుభ్రంగా రాకపోయినా మొత్తం తీయడమే మంచిది. అవేవీ లేకపోతే మీ అమ్మగారినే అడగండి. ఆవిడకు ఏది మనశ్శాంతి అన్నదే ముఖ్యం, పెద్దమ్మకు కాదు.

కరెంటుకి నాకు 20 రోజులు పట్టింది. 15 మొత్తం రొమ్ముకి, 5 గడ్డ ఉన్న చోటికి. రోజూ చిత్తూరు నుంచి తిరగలేక తిరుపతి బైరాగిపట్టెడలో పిన్నమ్మ ఇంట్లో ఉన్నాను. పది నిమిషాల పనే, నొప్పి ఉండదు, చివరి వారంలో చర్మం కమిలింది. కీమో కూడా పడింది, దాని గురించి కావాలంటే విడిగా రాస్తాను. ఖర్చు టెన్షన్ ఉంటే ఆరోగ్యశ్రీలో, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవలో, చేరే రోజే కౌంటర్లో అడగండి. తిరుపతిలో స్విమ్స్‌తో పాటు టాటా ట్రస్టుల సాయంతో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది.

ముక్క రిపోర్టు రాగానే ఈఆర్, పీఆర్, హెర్-2 ఏమొచ్చాయో ఇక్కడే రాయండి. నేను చూస్తుంటాను.